టెంపోరల్ రివ్యూ: తేదీ లెక్క ఏ బ్రౌజర్‌లోనైనా ఒకేలా రావాలంటే

గడువు తేదీలు, చందా పునరుద్ధరణలు, బుకింగులు, రెండు తేదీల మధ్య రోజులు. వీటిలో ఏదైనా మీ వెబ్ పేజీ లెక్కగడుతుంటే కొత్త కోడ్‌ను జావాస్క్రిప్ట్‌లోని కొత్త తేదీ సదుపాయం టెంపోరల్‌తోనే మొదలుపెట్టండి. జావాస్క్రిప్ట్‌లో తేదీల కోసం ఇంతవరకు వచ్చినవాటిలో ఇంత నమ్మదగింది ఇంకొకటి లేదు. సర్వర్ పంపిన సమయాన్ని తెర మీద చూపడం ఒక్కటే మీ పనైతే మాత్రం ఇది అక్కర్లేదు. జావాస్క్రిప్ట్‌లో మొదటి నుంచీ ఉన్న పాత డేట్‌కు తోడుగా, తేదీలను ఆయా భాషల రూపంలో రాసిపెట్టే ఇంటిల్ ఫార్మాటర్ బ్రౌజర్‌లోనే ఉంది, అది సరిపోతుంది.

టెంపోరల్ విడి లైబ్రరీ కాదు, భాషలోకే వచ్చి చేరుతున్న సదుపాయం. ఫైర్‌ఫాక్స్‌లో 139వ వెర్షన్ (2025 మే) నుంచి, క్రోమ్‌లో 144వ వెర్షన్ (2026 జనవరి) నుంచి నేరుగా దొరుకుతోంది. అది లేని బ్రౌజర్లకు, పాత ఫోన్లకు పాలిఫిల్ (లేని సదుపాయాన్ని పూరించే కోడ్) పెట్టాలి. కాబట్టి ఈ రివ్యూలో టెంపోరల్ పనితీరుతో పాటు పాలిఫిల్స్ సంగతీ చూద్దాం. ఎక్కడ జాగ్రత్త పడాలో అక్కడే ఎక్కువసేపు ఆగుదాం.

పాత డేట్‌తో అసలు చిక్కు

డేట్ 1995లో జావాస్క్రిప్ట్‌తో పాటే పుట్టింది. అప్పటి జావాలో ఉన్న డేట్ క్లాస్‌నే దాదాపు ఉన్నదున్నట్టు దించారు. జావా 1997లోనే ఆ క్లాస్‌లోని చాలా మెథడ్స్‌ను వాడొద్దని ప్రకటించింది. జావాస్క్రిప్ట్‌కు ఆ వీలు లేకపోయింది, మారిస్తే అప్పటికే నడుస్తున్న పేజీలు చెడిపోతాయి. నెలలను 0 నుంచి, రోజులను 1 నుంచి లెక్కపెట్టే అలవాటు అక్కడి నుంచి వచ్చిందే.

నెల అంకె ఒక చికాకు మాత్రమే, రెండుసార్లు దెబ్బతింటే అలవాటైపోతుంది. లోతైన సమస్య ఇంకొకటి ఉంది. డేట్ లోపల ఉండేది ఒకే ఒక్క అంకె: 1970 జనవరి 1 యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) అర్ధరాత్రి నుంచి గడిచిన మిల్లీసెకన్లు. పుట్టినరోజుకు టైమ్ జోన్ ఉండదు. వచ్చే నెల సమావేశానికి టైమ్ జోన్ లేకపోతే అర్థమే ఉండదు. లాగ్‌లో పడిన సంఘటనకు యూటీసీ క్షణం ఒక్కటి చాలు. మూడు వేర్వేరు సంగతులను ఒకే అంకెలో కుక్కితే, ఏది ఏదో గుర్తుపెట్టుకునే భారం రాసేవాళ్ల మీద పడుతుంది. బ్రౌజర్ల మధ్య కనిపించే తేడాల్లో ఎక్కువ భాగం ఇక్కడే మొదలవుతాయి.

ఉదాహరణకు 2024-01-15 అనే స్ట్రింగ్‌ను డేట్‌కు ఇవ్వండి. అది యూటీసీ అర్ధరాత్రిగా మారుతుంది. న్యూయార్క్‌లో ఉన్న వాడుకరి బ్రౌజర్‌లో రోజు అడిగితే 14 వస్తుంది. అదే స్ట్రింగ్‌కు టీ (T) అక్షరం, 00:00 చేరిస్తే ఇప్పుడది స్థానిక సమయం, రోజు 15. ఈ నియమం కూడా మొదటి నుంచి ఇలా లేదు. 2009 నాటి జావాస్క్రిప్ట్ ప్రమాణం జోన్ రాయకపోతే యూటీసీ అంది. 2015 నాటిది స్థానిక సమయం అంది. 2016లో తేదీ మాత్రమే ఉంటే యూటీసీ, సమయం కూడా ఉంటే స్థానికం అని విడగొట్టారు. ఆ మార్పులను బ్రౌజర్లు ఒకేసారి అందుకోలేదు. పాత సఫారీ సమయం ఉన్న స్ట్రింగ్‌ను కూడా యూటీసీగానే తీసుకునేది.

ప్రమాణంలో లేని రూపాలు ఇస్తే ఇంకా కష్టం. డేటాబేస్ నుంచి తరచూ వచ్చే 2024-01-15 10:30:00 రూపంలో మధ్యన టీ బదులు ఖాళీ ఉంటుంది. క్రోమ్, ఫైర్‌ఫాక్స్ దాన్ని చదువుతాయి, పాత సఫారీ చెల్లని తేదీ అనేస్తుంది. 2024-02-30 ఇస్తే క్రోమ్ చప్పుడు చేయకుండా మార్చి 1 చేస్తుంది, ఫైర్‌ఫాక్స్ చెల్లదంటుంది. ఒక బ్రౌజర్‌లో ఫారం తిరస్కరించిన తేదీని ఇంకో బ్రౌజర్ వేరే తేదీగా మార్చి సర్వర్‌కు పంపేస్తుందన్నమాట.

ఇక రోజుల తేడా. రెండు తేదీల మిల్లీసెకన్లను తీసివేసి 86400000తో భాగించే పద్ధతి ఇప్పటికీ చాలా కోడ్‌లో కనిపిస్తుంది. న్యూయార్క్‌లో 2024 మార్చి 1 అర్ధరాత్రి నుంచి మార్చి 31 అర్ధరాత్రి దాకా 30 రోజులు. కానీ మార్చి 10న డేలైట్ సేవింగ్ (వేసవికి గడియారాన్ని గంట ముందుకు జరపడం) మొదలై ఆ రోజుకు 23 గంటలే ఉన్నాయి. భాగహారం 29.958 ఇస్తుంది, కింది పూర్ణాంకానికి దించితే 29. గడియారం మారని టైమ్ జోన్‌లో కూర్చుని పరీక్షించినవాళ్లకు ఈ తప్పు ఎప్పటికీ కనపడదు.

టెంపోరల్ దీన్ని ఎలా విడగొట్టింది

టెంపోరల్‌లో ఒక్కో సంగతికి ఒక్కో రకం. తేదీ మాత్రమే కావాలంటే ప్లెయిన్‌డేట్. గోడగడియారం సమయం మాత్రమే అయితే ప్లెయిన్‌టైమ్. రెండూ ఉండి జోన్ లేకపోతే ప్లెయిన్‌డేట్‌టైమ్. కాలరేఖ మీద ఒక కచ్చితమైన బిందువు ఇన్‌స్టంట్. ఫలానా జోన్‌లో ఫలానా సమయం అనాలంటే జోన్డ్‌డేట్‌టైమ్. కాలవ్యవధికి డ్యూరేషన్. ఇవి కాక నెల-సంవత్సరం జంటకు, నెల-రోజు జంటకు కూడా విడి రకాలున్నాయి. నెలలు 1 నుంచి 12, వారంలో సోమవారం 1, ఆదివారం 7. ఒకసారి తయారైన విలువ మారదు, కూడితే కొత్తది వస్తుంది.

పైన చెప్పిన ఉదాహరణలను ఇప్పుడు మళ్లీ చూడండి. 2024-01-15ను ప్లెయిన్‌డేట్‌గా చదివితే ఎక్కడైనా 15వ తేదీయే, జారిపోవడానికి జోనే లేదు. 2024-02-30 స్ట్రింగ్ ఇస్తే రేంజ్ ఎర్రర్, ఏ బ్రౌజర్‌లోనైనా. చివర జెడ్ ఉన్న యూటీసీ స్ట్రింగ్‌ను ప్లెయిన్‌డేట్‌కు ఇచ్చినా ఎర్రరే. యూటీసీ క్షణం నుంచి తేదీ తీయాలంటే ఏ జోన్‌లోనో చెప్పాలి, చెప్పకుండా ముందుకు పోనివ్వదు. మార్చి 1 నుంచి మార్చి 31 దాకా ఎన్ని రోజులని అడిగితే 30 అంటుంది.

డేలైట్ సేవింగ్ విషయంలో జోన్డ్‌డేట్‌టైమ్ చేసే పని ప్రత్యేకంగా మెచ్చుకోవాలి. ఒక రోజు కూడితే గోడగడియారంలో అదే సమయానికి మర్నాటికి చేరుతుంది, 24 గంటలు కూడితే సరిగ్గా 24 గంటలు కదులుతుంది. రెండింటి ఫలితం మారే రోజులుంటాయి, ఏది కావాలో మీరే రాస్తారు. ఆ రోజులో ఎన్ని గంటలున్నాయో అడిగే సదుపాయం కూడా ఉంది, న్యూయార్క్‌లో 2024 మార్చి 10కి 23 అని చెబుతుంది. రోజు మొదలయ్యే సమయం 00:00 అని గుడ్డిగా అనుకోకండి, స్టార్ట్‌ఆఫ్‌డేను వాడండి. బ్రెజిల్‌లో 2018 నవంబర్ 4న డేలైట్ సేవింగ్ అర్ధరాత్రే మొదలైంది, కాబట్టి సావో పౌలోలో ఆ రోజు 01:00కి మొదలైంది. సమోవాలోనైతే 2011 డిసెంబర్ 30 అనే రోజే రాలేదు. దినరేఖకు అటు నుంచి ఇటు మారడంతో 29 తర్వాత 31 వచ్చింది.

మార్చి 10న న్యూయార్క్‌లో 02:30 లేదు. ఆ సమయానికి బుకింగ్ వస్తే ఏం చేయాలి? డిసాంబిగ్యుయేషన్ అనే ఆప్షన్‌తో చెప్పొచ్చు. ఏమీ చెప్పకపోతే లేని సమయాన్ని ముందుకు జరిపి 03:30 చేస్తుంది. నవంబర్ 3న 01:30 రెండుసార్లు వచ్చినప్పుడు మొదటిదాన్ని తీసుకుంటుంది. డబ్బుతోనో వైద్యంతోనో ముడిపడిన ఫారాల్లో ఈ ఆప్షన్‌కు రిజెక్ట్ (ఎర్రర్ ఇవ్వమనే విలువ) పెట్టి, వాడుకరినే మళ్లీ అడగడం మేలు.

ఇక్కడ కాస్త ఆగి చూసుకోవాలి

టెంపోరల్ కఠినంగా ఉంటుందన్న మాట అన్నిచోట్లా నిజం కాదు. స్ట్రింగ్‌లో ఫిబ్రవరి 30 ఇస్తే ఎర్రర్ వస్తుంది కానీ, సంవత్సరం 2024, నెల 2, రోజు 30 అని ఆబ్జెక్ట్‌గా ఇస్తే నిశ్శబ్దంగా ఫిబ్రవరి 29కి దించేస్తుంది. ఓవర్‌ఫ్లో ఆప్షన్ మామూలుగా కన్‌స్ట్రెయిన్ (చెల్లే దగ్గరి విలువకు దించడం) కావడమే కారణం. రోజు, నెల, సంవత్సరం మూడు వేర్వేరు డ్రాప్‌డౌన్లుగా ఉన్న ఫారాలన్నీ ఈ గోతిలో పడతాయి. వాడుకరి ఇచ్చిన తేదీని తనిఖీ చేసేచోట ఓవర్‌ఫ్లోకు రిజెక్ట్ అని తప్పక రాయండి.

నెలలు కూడేటప్పుడు వరుసగా కూడొద్దు. జనవరి 31, 2024కు ఒక నెల కూడితే ఫిబ్రవరి 29. దానికి ఇంకో నెల కూడితే మార్చి 29. చందా తేదీ రెండు రోజులు వెనక్కి జారి అక్కడే ఉండిపోతుంది. మొదటి తేదీని దాచుకుని దానికే 1, 2, 3 నెలలు కూడుతూ పోతే మార్చి 31 సరిగ్గా వస్తుంది. పాత డేట్ ఇదే లెక్కలో జనవరి 31 నుంచి నేరుగా మార్చి 2కి దూకేది కాబట్టి కొత్త పద్ధతి మెరుగే, కానీ జారుడు మీ కోడ్‌లోనే ఉంటే టెంపోరల్ ఆపలేదు.

పోలికకు చిన్నది, పెద్దది గుర్తులు పనిచేయవు, టైప్ ఎర్రర్ వస్తుంది. కంపేర్ మెథడ్ వాడాలి. మొదట్లో ఇది ఇబ్బందిగా తోస్తుంది గానీ కావాలనే అలా పెట్టారు. స్ట్రింగులుగా మారి పోల్చుకుని తప్పుడు జవాబు రావడం కంటే ఆగిపోవడం మంచిది. క్రమంలో పేర్చడానికి కంపేర్‌ను నేరుగా సార్ట్‌కు ఇచ్చేయొచ్చు.

తేడా అడిగినప్పుడు ఏ ప్రమాణంలో జవాబు కావాలో లార్జెస్ట్‌యూనిట్‌తో చెప్పండి. చెప్పకపోతే ప్లెయిన్‌డేట్ రోజుల్లో ఇస్తుంది, జోన్డ్‌డేట్‌టైమ్ గంటల్లో ఇస్తుంది. రెండు నెలల తేడాకు వెయ్యికి పైగా గంటలు తెర మీద కనపడితే కారణం ఇదే. డ్యూరేషన్ కూడా తనంతట తాను సర్దుకోదు. 36 గంటలు ఇస్తే 36 గంటలుగానే ఉంటుంది, రోజులు కావాలంటే రౌండ్ చేయాలి. నెలలున్న వ్యవధిని రోజుల్లోకి మార్చమంటే ఏ తేదీ నుంచో రిలేటివ్‌టూ ద్వారా చెప్పాలి, లేకపోతే ఎర్రర్.

భవిష్యత్తులోని సమావేశాలను నిల్వ చేసేవాళ్లకు ఇంకో సంగతి. జోన్డ్‌డేట్‌టైమ్ స్ట్రింగ్‌లో యూటీసీ తేడా, జోన్ పేరు రెండూ ఉంటాయి. నిల్వ చేశాక ఆ దేశం తన గడియారం నియమం మార్చేస్తే రెండూ పొసగవు. మెక్సికో 2022 అక్టోబర్‌లో దేశంలో చాలా భాగానికి డేలైట్ సేవింగ్ ఎత్తేసినప్పుడు సరిగ్గా ఇదే జరిగింది. అలాంటి స్ట్రింగ్ చదివితే టెంపోరల్ ఎర్రర్ ఇస్తుంది. గోడగడియారం సమయమే మీకు ముఖ్యమైతే ఆఫ్‌సెట్ ఆప్షన్‌ను ఇగ్నోర్‌గా, క్షణమే ముఖ్యమైతే యూజ్‌గా పెట్టండి. డాక్టర్ అపాయింట్‌మెంట్‌కు మొదటిది, ప్రత్యక్ష ప్రసారం కౌంట్‌డౌన్‌కు రెండోది.

నాకు నచ్చని లోటు ఒక్కటే. 15/01/2024 లాంటి రూపాలను చదివే సదుపాయం లేదు, మీ ఇష్టం వచ్చిన నమూనాలో రాసే సదుపాయమూ లేదు. చదవడానికి మీరే విడగొట్టి ఆబ్జెక్ట్‌గా ఇవ్వాలి, రిజెక్ట్‌తో. అది తప్పించుకోవాలంటే తేదీ ఇన్‌పుట్ ఫీల్డ్ వాడండి. తెర మీద ఎలా కనిపించినా దాని విలువ ఎప్పుడూ సంవత్సరం-నెల-రోజు రూపంలోనే వస్తుంది, ప్లెయిన్‌డేట్ నేరుగా చదువుతుంది. సగం నింపి వదిలేస్తే ఖాళీ స్ట్రింగ్ వస్తుంది కాబట్టి ముందు అది చూసుకోవాలి. అదే ఫీల్డ్‌లోని వాల్యూ‌యాజ్‌డేట్‌ను మాత్రం ముట్టుకోవద్దు. అది యూటీసీ అర్ధరాత్రి డేట్ ఇస్తుంది, మొదట చెప్పుకున్న 14వ తేదీ గొడవ మళ్లీ తిరిగొస్తుంది.

ఏ పాలిఫిల్

రెండు ఉన్నాయి. జేఎస్-టెంపోరల్ పేరుతో వచ్చే పాలిఫిల్‌ను టెంపోరల్ ప్రతిపాదన మీద పనిచేసినవాళ్లు తయారుచేశారు. టెంపోరల్-పాలిఫిల్ అనేది ఫుల్‌క్యాలెండర్ అనే క్యాలెండర్ లైబ్రరీ వైపు నుంచి వచ్చింది, కుదించి గ్జిప్ చేశాక సుమారు 20 కేబీ. మొదటిది దానికంటే బాగా పెద్దది. వాడుకరులకు వెళ్లే పేజీలో పరిమాణం ముఖ్యం కాబట్టి రెండోదాన్ని ఎంచుకోవడమే సబబు.

లోడ్ చేసే పద్ధతిలో పొరపాట్లు ఎక్కువ. గ్లోబల్‌లో టెంపోరల్ ఉందో లేదో చూసి, లేకపోతేనే పాలిఫిల్‌ను డైనమిక్ ఇంపోర్ట్‌తో తెప్పించండి. అది పూర్తయ్యాకే మిగతా మాడ్యూళ్లు మొదలవ్వాలి. ఒక ఫైల్ పాలిఫిల్ నుంచి నేరుగా ఇంపోర్ట్ చేసుకుని, ఇంకో ఫైల్ గ్లోబల్‌ను వాడితే ఒకే పేజీలో రెండు రకాల ప్లెయిన్‌డేట్‌లు తిరుగుతుంటాయి. వస్తువు ఏ రకానిదో చూసే ఇన్‌స్టన్స్‌ఆఫ్ పరీక్షలు తప్పుతాయి. బ్రౌజర్ సొంత ఇంటిల్ ఫార్మాటర్‌కు పాలిఫిల్ వస్తువును ఇస్తే టైప్ ఎర్రర్ వస్తుంది. అందుకే చూపేటప్పుడు ఆ వస్తువు మీదే టూలొకేల్‌స్ట్రింగ్ పిలవడం సురక్షితం.

పాలిఫిల్ పెట్టినా తీరని తేడా ఒకటుంది, దీన్ని దాచకుండా చెప్పాలి. పాలిఫిల్‌లో టైమ్ జోన్ల డేటా ఉండదు. బ్రౌజర్‌లోని ఇంటిల్‌ను అడిగి తెలుసుకుంటుంది. క్రోమ్ తన డేటాను తనతో తెచ్చుకుంటుంది, సఫారీ ఆపరేటింగ్ సిస్టమ్‌ది వాడుతుంది. ఏళ్ల తరబడి అప్‌డేట్ కాని ఫోన్‌లో మెక్సికో సిటీ వేసవి సమయం ఇప్పటికీ గంట ముందుంటుంది. ప్లెయిన్‌డేట్ లెక్కలకు ఈ బెడద లేదు, జోన్లకే ఉంది. ఆ తేడా కూడా ఉండకూడదనుకుంటే జోన్ లెక్కను సర్వర్‌లో చేసి ఫలితం పంపండి, లేదా తన డేటాను తనే మోసుకొచ్చే మొమెంట్-టైమ్‌జోన్, జేఎస్-జోడా లాంటివి వాడండి. ఇంకో మాట: జోన్ మార్పులను ఇంటిల్ ద్వారా వెతకడం నెమ్మది పని. వేల వరుసలున్న పట్టికలో ప్రతి గడికీ పాలిఫిల్ జోన్డ్‌డేట్‌టైమ్ తయారుచేయకండి.

జోన్ పేర్లలోనూ బ్రౌజర్లు విడిపోతాయి. ఒకే జోన్‌ను ఇంటిల్ నుంచి అడిగితే క్రోమ్, సఫారీ ఏషియా/కలకత్తా అంటాయి, ఫైర్‌ఫాక్స్ ఏషియా/కోల్‌కతా అంటుంది. పేర్లను స్ట్రింగులుగా పోల్చే కోడ్ ఇక్కడ ఓడిపోతుంది. జోన్డ్‌డేట్‌టైమ్‌లోని ఈక్వల్స్ మాత్రం రెండూ ఒకటేనని గుర్తిస్తుంది.

మిగతా లైబ్రరీలు

ఇప్పటికే మీ ప్రాజెక్టులో ఏదో ఒకటి ఉండి సరిగ్గా నడుస్తుంటే తొందరపడి పీకేయాల్సిన పనిలేదు. మొమెంట్ 2020 సెప్టెంబర్ నుంచి నిర్వహణ స్థితికే పరిమితం, కొత్త ప్రాజెక్టులో పెట్టొద్దని దాన్ని తయారుచేసినవాళ్లే చెప్పారు. దాని విలువలు మారిపోతుంటాయి కూడా. డేజేఎస్ 2 కేబీ చుట్టూ ఉంటుంది, మొమెంట్ అలవాటున్నవాళ్లకు సులువు, కానీ యూటీసీ, జోన్, నమూనా చదవడం అన్నీ విడి ప్లగిన్లు. లక్సాన్ జోన్ల పనిలో దిట్ట. డేట్-ఎఫ్ఎన్‌ఎస్ పాత డేట్ మీదే నిలబడింది కాబట్టి మూడు సంగతులను ఒకే అంకెలో కుక్కే చిక్కు అలాగే ఉంటుంది. జోన్ల మద్దతు 2024లో 4వ వెర్షన్‌తో వచ్చింది. నమూనాల ప్రకారం చదవడం, రాయడం మీకు ముఖ్యమైతే వీటిలో చివరి రెండూ టెంపోరల్ కంటే సుఖం.

మార్చుకునే వరుస

ఒకేసారి అంతా మార్చొద్దు. ముందు డేటా సరిహద్దులు చూడండి: సర్వర్ నుంచి వచ్చే ప్రతి తేదీ ఫీల్డ్ తేదీయా, క్షణమా, జోన్‌తో కూడిన సమయమా తేల్చుకోండి. ఈ పనికే ఎక్కువ సమయం పడుతుంది, అసలు మేలు కూడా ఇక్కడే జరుగుతుంది. తర్వాత తేదీ మాత్రమే ఉన్న ఫీల్డులను ప్లెయిన్‌డేట్ చేయండి, చాలా తప్పులు ఇక్కడే ఆగిపోతాయి. డేట్ కోరే పాత కాంపొనెంట్లకు ఇన్‌స్టంట్‌లోని మిల్లీసెకన్లతో కొత్త డేట్ చేసి ఇవ్వొచ్చు. అటు నుంచి ఇటు రావడానికి డేట్‌లో టూటెంపోరల్‌ఇన్‌స్టంట్ ఉంది. జేసన్‌లోకి వెళ్లేటప్పుడు స్ట్రింగ్ అవుతుంది కానీ తిరిగి చదివినప్పుడు స్ట్రింగ్‌గానే ఉంటుంది, మళ్లీ ఆ రకంలోని ఫ్రమ్ మెథడ్‌ను పిలవాలి.

పరీక్షలను కనీసం నాలుగు జోన్లలో నడపండి: యూటీసీకి 14 గంటలు ముందున్న పసిఫిక్/కిరితిమతి, 11 గంటలు వెనకున్న పసిఫిక్/పాగో పాగో, గడియారం మారే అమెరికా/న్యూయార్క్, 5:45 తేడా ఉన్న ఏషియా/కాఠ్మండూ. బ్రౌజర్లను నడిపి పరీక్షించే ప్లేరైట్‌లో టైమ్‌జోన్ ఐడీ ఆప్షన్ క్రోమియం, ఫైర్‌ఫాక్స్, వెబ్‌కిట్ మూడింటికీ పనిచేస్తుంది. చేత్తో చూడాలంటే క్రోమ్ డెవలపర్ టూల్స్‌లోని సెన్సర్స్ ప్యానెల్‌లో ప్రాంతం మార్చండి.

ఫలితాన్ని చూపే స్ట్రింగ్‌ను మాత్రం పరీక్షలో అక్షరం అక్షరం పోల్చకండి. ఆ రాతలు సీఎల్‌డీఆర్ (భాషలవారీగా తేదీలు, అంకెలు రాసే పద్ధతుల సంగ్రహం) డేటా నుంచి వస్తాయి, వెర్షన్‌తో మారుతుంటాయి. 2022లో వచ్చిన 42వ వెర్షన్ ఇంగ్లిష్ సమయంలో ఏఎం, పీఎంల ముందు మామూలు ఖాళీ బదులు కంటికి తేడా తెలియని ఇరుకు ఖాళీ పెట్టింది, ఆ స్ట్రింగ్‌ను తిరిగి చదివే కోడ్ చాలాచోట్ల విరిగింది. అలాగే 24 గంటల సమయానికి అవర్12ను ఫాల్స్ చేస్తే అమెరికన్ ఇంగ్లిష్‌లో క్రోమ్ అర్ధరాత్రిని 24:00గా చూపవచ్చు. అవర్‌సైకిల్‌ను హెచ్23గా పెడితే 00:00 వస్తుంది. నెల-సంవత్సరం రకాన్ని చూపబోతే రేంజ్ ఎర్రర్ వచ్చిందంటే క్యాలెండర్ పొసగలేదని అర్థం. దానికి ఐఎస్‌ఓ క్యాలెండర్ ఉంటుంది, లొకేల్ గ్రెగోరియన్ అడుగుతుంది. ఆ నెల మొదటి తేదీతో ప్లెయిన్‌డేట్ చేసి, ఫార్మాటర్‌ను నెల, సంవత్సరం మాత్రమే చూపమంటే సరిపోతుంది.